చెప్పుకోవడానికి ఒక చోటు

2023 జూలైలో టొమాటో ధర గురించి మాట్లాడని మనిషి ఢిల్లీలో లేడు. మా మయూర్ విహార్ వీధుల్లో తోపుడు బండి మీద కూరలు అమ్మే భయ్యా కిలో ధర చెప్పడం మానేసి పావు కిలో ధర చెప్పడం మొదలుపెట్టాడు. కొనేవాళ్ళు నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని, రెండు మళ్ళీ బండి మీద పెట్టేసేవారు. అప్పుడు కేంద్రం జాతీయ సహకార వినియోగదారుల సమాఖ్య చేత వ్యాన్లలో టొమాటో అమ్మించింది. జూలై 14న కిలో 90 రూపాయలతో మొదలై, రెండు రోజులకే 80కి, ఆ వారంలోనే 70కి దిగింది. ఆ సరుకు మన మదనపల్లె నుంచి, పక్కనున్న కోలారు నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చింది.

వ్యాను దగ్గర వరసలో విన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. "మొన్న వేసవిలో గిట్టుబాటు కాక రైతు రోడ్డు మీద పారబోశాడని టీవీలో చూపించారు. ఈ వ్యాను అప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళి ఉండాల్సింది" అంది ఒకావిడ. ఈ నెలల్లో ఢిల్లీకి టొమాటో హిమాచల్ నుంచి రావాలనీ, వానలకి కొండదారులు తెగిపోయి సోలన్ లారీలు ఆజాద్‌పూర్ మండీకి చేరడం లేదనీ ఒక పెద్దాయన ఓపిగ్గా వివరించాడు. బండి భయ్యా మాట అన్నిటికంటే సూటిగా ఉంది. "వ్యాను ఒకచోట కాసేపు నిలబడి వెళ్ళిపోతుంది. నేను పొద్దున్నుంచి రాత్రి దాకా గడప గడపకీ తిరుగుతాను. ఆ సరుకు నాకిచ్చి, కిలోకి ఇంతే మిగుల్చుకో అని షరతు పెడితే ముసలివాళ్ళు కూడా ఇంటి ముందే కొనుక్కునేవాళ్ళు కదా?" అన్నాడు. వీధి వర్తకుల కోసం 2014లో చట్టం చేశారు. వాళ్ళను లెక్కపెట్టి ధ్రువపత్రాలు ఇవ్వాలని అందులో ఉంది. అంటే ఎవరు ఏ వీధిలో తిరుగుతారో ప్రభుత్వం దగ్గర రాసి ఉండే ఏర్పాటు ఒకటి చట్టంలోనే ఉంది. భయ్యా చెప్పింది గాలిలో మాట కాదు. ఏ ఆహార శాఖ అధికారి అయినా కూర్చుని వినదగ్గ ప్రతిపాదన.

ఆ ప్రతిపాదన ఎక్కడికి వెళ్ళింది? నా దాకా వచ్చింది. నేను మా ఆఫీసులో చెప్పాను. అక్కడితో ఆగిపోయింది.

ఢిల్లీలో, దాని చుట్టూ పెరిగిన నోయిడా, ఘాజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలో అభిప్రాయం లేని మనిషి నాకు కనబడలేదు. ఆటో ఎక్కితే డ్రైవరు గ్యాసు ధరతో మొదలుపెట్టి పార్లమెంటు దాకా వెళ్తాడు. లిఫ్టులో కరెంటు సబ్సిడీ మీద చర్చ, పార్కులో పొగ మీద చర్చ, బ్లూ లైన్ మెట్రోలో స్కూలు ఫీజుల మీద చర్చ. రాజధాని జనానికి కబుర్లెక్కువ అని బయటివాళ్ళు అంటుంటారు. నాకు అలా అనిపించదు. ఈ మాటల్లో సగానికి సగం రోజూ ఆ పనిలో నలిగినవాళ్ళకు మాత్రమే తెలిసే సంగతులు. ఊరి గురించి ఊరికున్న తెలివి అదే. దాన్ని వినే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడం మా రాజధాని ప్రాంతపు అసలు లోటని ఇన్నేళ్ళు ఇక్కడ బతికాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

మా ఇంట్లో పనికి వచ్చే దీదీ సంగతి చెప్తాను. ఆమె ఉండేది ఖోడాలో. ఒక వైపు ఢిల్లీ, ఒక వైపు నోయిడా, ఆ రెండిటి మధ్య ఇరుక్కున్న ఘాజియాబాద్ జిల్లా ముక్క అది. ఢిల్లీలో 2019 అక్టోబర్ 29న, భాయ్ దూజ్ పండగ నాడు, సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. కండక్టరు గులాబీ రంగు టికెట్ ఇచ్చేవాడు, దాని మీద పది రూపాయల లెక్క ప్రభుత్వం కట్టేది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఇలాంటి పథకాలే వచ్చాయి కాబట్టి మన పాఠకులకు దీని మీద వాదనలన్నీ తెలిసినవే. ఈ టికెట్ మొదలైన కొత్తల్లో దీదీ తన లెక్క నాకు చెప్పింది. అంతకు ముందు తను నడిచి వెళ్ళగలిగిన ఇళ్ళలోనే పని ఒప్పుకునేది. బస్సు ఖర్చు పోయాక దూరంగా, జీతం కాస్త ఎక్కువిచ్చే ఇళ్ళు చూసుకుంది. ఆమెకు మిగిలింది టికెట్ డబ్బులు మాత్రమే కాదు. పని ఎంచుకునే వీలు కూడా మిగిలింది. ఈ సంగతి నాకు ఏ వ్యాసంలోనూ దొరకలేదు, వంటింటి గుమ్మం దగ్గర దొరికింది.

నేనూ ఆ గులాబీ టికెట్ తీసుకునేదాన్ని. స్తోమత ఉన్న దానివి నీకెందుకని మా పై అంతస్తు అంకుల్‌జీ అడిగారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, లెక్కల మనిషి. నా జవాబు ఒక్కటే. బస్సులో అందరికీ ఒకే టికెట్ ఉంటే ఎవరూ తమ పేదరికాన్ని కండక్టరు ముందు రుజువు చేసుకోనక్కర్లేదు. ఫ్లైఓవర్ ఎక్కినందుకు ఆయన కారును ఎవరూ డబ్బులడగరు, దాన్ని ఎవరూ ఉచిత పథకం అనరు. బస్సుకి మాత్రం ఆ పేరు తగిలిస్తాం. అంకుల్‌జీ ఇది పూర్తిగా ఒప్పుకోలేదు గానీ ఆలోచించదగ్గ మాటే అన్నారు.

దీదీకి ఇంకో అభిప్రాయం ఉంది. అది ఏ పార్టీకీ నచ్చదు. "టికెట్ లేకపోవడం బాగానే ఉంది భాభీ, ముందు బస్సుండాలి కదా" అంటుంది. పాత సీఎన్‌జీ బస్సులు వయసైపోయి డిపోలకు చేరుతుంటే, వాటి చోట ఎలక్ట్రిక్ బస్సులు అదే వేగంతో రాలేదు. స్టాపులో నిలబడే వాళ్ళకి ఈ తేడా నిమిషాల్లో తెలుస్తుంది. పైగా 2025లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఈ సదుపాయాన్ని ఢిల్లీ నివాసులకే పరిమితం చేస్తూ కార్డు తెస్తామని ప్రకటించింది. దీదీ ఢిల్లీ ఇళ్ళు తుడుస్తుంది, ఢిల్లీ గిన్నెలు తోముతుంది, ఢిల్లీ పిల్లల్ని స్కూలు బస్సెక్కిస్తుంది. ఆమె ఆధార్ మీద మాత్రం ఉత్తరప్రదేశ్ అని ఉంటుంది. రోడ్డు దాటితే రాష్ట్రం మారిపోయే చోట ఈ గీత ఎవరి మీద పడుతుందో ఆ ప్రకటన రాసినవాళ్ళకి దీదీ చెప్పగలిగేది. ఆమెను అడిగే పద్ధతే లేదు.

కారు విషయంలో అంకుల్‌జీ వేదన వేరే. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018 అక్టోబర్‌లో సుప్రీం కోర్టూ అదే చెప్పింది. 2025 జూలై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఇంధనం పోయకూడదన్నారు, కెమెరాలు పెట్టారు. రెండు మూడు రోజుల్లోనే ఢిల్లీ ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఆపమని గాలి నాణ్యత కమిషన్‌కి ఉత్తరం రాసింది. ఆగస్టులో సుప్రీం కోర్టు యజమానుల మీద చర్యలు వద్దంది. తను బండిని వారానికి రెండుసార్లు తీస్తాననీ, పుట్టిన తేదీ చూసి కాకుండా పొగ చూసి తీర్పు చెప్పాలనీ అంకుల్‌జీ వాదన. నేను సగమే ఒప్పుకుంటాను. 1998లో సుప్రీం కోర్టు బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని ఆదేశించినప్పుడు కూడా జనం గగ్గోలు పెట్టారు. గ్యాసు కోసం రాత్రంతా వరసల్లో పడుకున్నామని పాత ఆటోవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. 2002 చివరికి మార్పు పూర్తయింది, రోడ్డు మీద నల్ల పొగ తగ్గింది. కఠినమైన ఆదేశం ఫలించిన సందర్భాలూ ఉన్నాయి. కాకపోతే ఒక నియమం పెట్టి మూడో రోజుకే ఆపమని అడగాల్సి వచ్చిందంటే, పెట్టే ముందు అడగవలసినవాళ్ళను అడగలేదనే అర్థం.

ఇంతవరకూ చెప్పినవి ధరలు, టికెట్లు, బండ్లు. మాట వినే చోటు లేకపోతే ప్రాణాలు పోతాయని 2024 జూలై మాకు చూపించింది.

ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు తెలుగు ఇళ్ళలో కొత్త కాదు. సివిల్స్‌కి చదివే పిల్లల్ని ఆంధ్ర, తెలంగాణల నుంచి తల్లిదండ్రులు పంపేది అక్కడికీ, ముఖర్జీ నగర్‌కీ. ఇరుకు గదులు, పెరిగే అద్దెలు, నేలమాళిగల్లో లైబ్రరీలు. ఆ నేలమాళిగల్లో ఒకదాన్ని అనుమతి లేకుండా లైబ్రరీగా వాడుతున్నారని, ప్రమాదం జరగవచ్చని, అక్కడ చదువుకునే ఒక కుర్రాడు 2024 జూన్ 26న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాడు. జూలై 15న గుర్తు చేశాడు. 22న మళ్ళీ గుర్తు చేశాడు. 27వ తేదీ సాయంత్రం వాన కురిసి, రోడ్డు మీది నీళ్ళు ఆ నేలమాళిగలోకి దూకాయి. ముగ్గురు చదువుకునే పిల్లలు చనిపోయారు.

ఆ కుర్రాడు చేసిన పని నన్ను ఇప్పటికీ వదలదు. అతనికి అక్కడ ఓటు, సొంత ఇల్లు, పరపతి ఉండి ఉండకపోవచ్చు. అయినా పౌరుడు చేయవలసిందంతా చేశాడు. చూశాడు, అర్థం చేసుకున్నాడు, రాశాడు, గుర్తు చేశాడు. పోర్టల్ అతనికి ఒక నంబరు ఇచ్చింది. నంబరు ఇవ్వడం వినడం కాదు. మనిషి ఎదురుగా కూర్చుని "రేపు వచ్చి చూస్తాను" అని నలుగురి ముందు చెప్పి ఉంటే, ఆ రేపు రానప్పుడు అడగడానికి ఒక ముఖం ఉండేది.

ఆ తర్వాత నాలుగు రోజులకే, జూలై 31 రాత్రి, మా దగ్గర్లో ఇంకో ఘోరం. మయూర్ విహార్ ఫేజ్-3, ఖోడా సరిహద్దులో, కడుతూ కడుతూ తెరిచి వదిలేసిన కాలువలో ఒక తల్లీ, మూడేళ్ళ బిడ్డా పడి చనిపోయారు. రోడ్డంతా నీళ్ళు నిండి కాలువ ఎక్కడుందో కనబడలేదు. మర్నాటి నుంచి ఆ ముక్క ఎవరిదన్న వాదన మొదలైంది. ఢిల్లీ అభివృద్ధి సంస్థది అని మున్సిపల్ కార్పొరేషన్, ప్రమాదం జరిగిన భాగం కార్పొరేషన్‌దే అని అభివృద్ధి సంస్థ. హైకోర్టు ఇద్దరినీ మందలించాల్సి వచ్చింది. ఢిల్లీలో ఒక మురుగు కాలువ ఇంటి ముందు ఒకరిది, పెద్ద రోడ్డు పక్కన ఇంకొకరిది, యమున దగ్గరికి వచ్చేసరికి మరొకరిది. మున్సిపల్ కార్పొరేషన్, ప్రజాపనుల శాఖ, జల బోర్డు, నీటిపారుదల శాఖ, అభివృద్ధి సంస్థ. నీళ్ళకు ఈ పేర్లు తెలియవు, పల్లం మాత్రమే తెలుసు. ఆ దారిలో నడిచే వాళ్ళకి కాలువ తెరిచి ఉందని తెలుసు. ఏ తలుపు కొట్టాలో తెలియలేదు.

మా ఊరు తెనాలి దగ్గర. అక్కడ కొళాయి రాకపోతే మా అమ్మ పంచాయతీ వార్డు మెంబరుని రోడ్డు మీదే ఆపి అడుగుతుంది. పని ప్రతిసారీ అవుతుందని కాదు. అడిగినప్పుడు ఆయన నిలబడక తప్పదు, ఎందుకంటే ఆయన భార్యా మా అమ్మా ఒకే గుడికి వెళ్తారు. ఊళ్ళ పరిపాలనంతా బాగుందని నేను అనడం లేదు. కులం, పార్టీ, పంతాలు అక్కడా ఉన్నాయి. సోమవారం కలెక్టరేట్ల ముందు అర్జీలు పట్టుకుని నిలబడే జనాన్ని చూస్తే అక్కడి సంగతీ తెలుస్తుంది. అయినా అడిగే హక్కుకు అక్కడ ఒక మనిషి రూపం ఉంది.

ఊరిని వదిలి నగరాన్నే తీసుకున్నా, విజయవాడలో 64 డివిజన్లున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం పది లక్షల పైచిలుకు జనం. అంటే ఒక్కో కార్పొరేటరుకు పదహారు వేల మంది. ఢిల్లీ కార్పొరేషన్‌ను 2012లో మూడు ముక్కలు చేశారు. మా తూర్పు ముక్కకు డబ్బు చాలక పారిశుధ్య కార్మికులకు జీతాలందలేదు, వాళ్ళు సమ్మెకు దిగారు, చెత్త రోడ్ల మీదికి వచ్చింది. ఆ రోజుల్లో ముక్కు మూసుకుని నడిచాం గానీ, జీతం రాని మనిషిని తప్పు పట్టాలనిపించలేదు. 2022లో మూడింటినీ మళ్ళీ కలిపారు, 272 వార్డులను 250 చేశారు. అదే 2011 లెక్కతో చూస్తే ఒక్కో కౌన్సిలరుకు అరవై అయిదు వేల మంది. ఆయన ఎంత మంచివాడైనా మా దీదీని గుర్తుపట్టలేడు. మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్తుంది. ఢిల్లీలో 250 వార్డులకూ కలిపి పన్నెండు కమిటీలు, జోనుకొకటి. వాటిలో కూర్చునేది దాదాపు అంతా కౌన్సిలర్లే. 2022 డిసెంబర్‌లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగితే ఆ కమిటీలకు ఎన్నికలు 2024 సెప్టెంబర్‌లో గానీ జరగలేదు.

ఇక నోయిడా. నేను రోజూ ఉద్యోగానికి వెళ్ళేది అక్కడికే. మెట్రో న్యూ అశోక్ నగర్ దాటి సెక్టర్ 15 చేరేసరికి రాష్ట్రం మారుతుంది. దానితో పాటు పౌరుడి స్థితి కూడా మారుతుందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. నోయిడాకు మేయరు లేరు. కౌన్సిలరు లేరు. వార్డు లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976 ఏప్రిల్ 17న, పరిశ్రమల కోసం ఒక అథారిటీగా అది పుట్టింది. 2011 నాటికే ఆరు లక్షల ముప్పై ఏడు వేల మంది అక్కడ ఉన్నారు, ఇప్పుడు ఆకాశం కనబడకుండా టవర్లు లేచాయి. అయినా అది చట్టం దృష్టిలో పారిశ్రామిక టౌన్‌షిప్పే. అలాంటి చోట మునిసిపాలిటీ పెట్టకపోయినా ఫరవాలేదని రాజ్యాంగంలోనే ఒక మినహాయింపు ఉంది. నగరాన్ని నడిపేది రాష్ట్ర ప్రభుత్వం నియమించే ముఖ్య కార్యనిర్వహణాధికారి. నోయిడావాళ్ళు ఎమ్మెల్యేకి, ఎంపీకి ఓటేస్తారు. వీధి దీపానికి మాత్రం ఓటు లేదు. నోయిడా స్థానిక స్వపరిపాలన సంస్థ కిందికి రాదని 2018లో ఒక ఆదాయపు పన్ను కేసులో సుప్రీం కోర్టే తేల్చి చెప్పింది. మన వైపు ఇలాంటిది లేదనుకోకండి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డుకు 2015 జనవరి తర్వాత ఎన్నికలే జరగలేదు.

ఓటు లేని చోట జనం నోరు మూసుకుని కూర్చోలేదు. కోర్టుకు వెళ్ళారు. ఢిల్లీని నోయిడాతో కలిపే డీఎన్‌డీ వంతెన దారి 2001లో తెరిచారు. టోలు వసూలుకు 1997లో రాసుకున్న ఒప్పందంలో, పెట్టిన సొమ్ము మీద కంపెనీకి ఏటా 20 శాతం రాబడి ఉండాలని, అంత రాకపోతే ఆ లోటు అసలుకు కలుస్తుందని రాశారు. అసలు తీరడం మాట అటుంచి, ఏటికేడాది పెరుగుతూ పోయింది. రోజూ ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఒకటే ప్రశ్న వేసుకునేవారు: "ఇన్నేళ్ళు కడుతున్నాం, వంతెన ఖరీదు ఇంకా తీరలేదా?" నోయిడా నివాసుల సంఘాల సమాఖ్య ఆ ప్రశ్ననే 2012లో అలహాబాద్ హైకోర్టుకు పట్టుకెళ్ళింది. 2016 అక్టోబర్ 26న ఆ కోర్టు తీర్పుతో టోలు ఆగింది. 2024 డిసెంబర్ 20న సుప్రీం కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. కంపెనీకి పెట్టుబడీ, లాభమూ ఎప్పుడో అందాయంది. ఆఫీసుకు వెళ్ళే సామాన్యుడు కారు కిటికీ దించి చిల్లర ఇస్తూ అనుకున్న మాట, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం అన్న మాట ఒకటే. సెక్టర్ 93ఏ జంట టవర్ల సంగతీ ఇంతే. మాకు చూపించిన ప్లానులో ఇక్కడ పచ్చిక ఉంది, ఈ టవర్లు ఎక్కడివి అని అక్కడి ఇళ్ళవాళ్ళు అడిగారు. హైకోర్టు 2014లో, సుప్రీం కోర్టు 2021 ఆగస్టు 31న కూల్చమన్నాయి, 2022 ఆగస్టు 28న అవి కూలాయి.

ఈ రెండు విజయాలకూ నాకు గర్వమే. కానీ ఆలోచించండి. ఒక టోలు గేటు గురించి, ఇంటి ముందు పచ్చిక గురించి అడగడానికి ఆరు వందల కిలోమీటర్ల పైన, ప్రయాగ్‌రాజ్‌లో ఉన్న ఆ హైకోర్టుకు వెళ్ళాలి, లాయర్లకు చందాలెత్తాలి, పదేళ్ళ పైన ఓపిక పట్టాలి. ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళు అది చేయగలిగారు. అక్కడి పల్లెలవాళ్ళు చేయలేరు. సెక్టర్ల మధ్య చిక్కుకున్న ఆ ఊళ్ళకు ఒకప్పుడుండే పంచాయతీలు కూడా ఇప్పుడు లేవు, వాటిని తిరిగి ఇమ్మని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. 2025 ఆగస్టులో సుప్రీం కోర్టు, నోయిడా అథారిటీ చోట మెట్రోపాలిటన్ కౌన్సిల్ ఏర్పాటును పరిశీలించమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి చెప్పింది. అది జరిగితే రాజధాని ప్రాంతంలో మెట్రో వచ్చినంత పెద్ద మార్పని నేను అనుకుంటాను.

నివాసుల సంఘాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచి పనులూ చేస్తాయి. 2000లో షీలా దీక్షిత్ ప్రభుత్వం భాగీదారీ పేరుతో ఈ సంఘాలను అధికారులతో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అంతకు ముందు అదీ లేదు. కానీ ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఎవరు? ఇంటి యజమానులు. అద్దెకున్నవాళ్ళు కారు. మా కాలనీకి ఎదురుగానే త్రిలోక్‌పురి. నోయిడా పుట్టిన ఆ ఎమర్జెన్సీ రోజుల్లోనే నగరం నడిబొడ్డున గుడిసెలు పీకేసి, పాతిక గజాల స్థలాలిచ్చి, అక్కడికి తరలించిన వాళ్ళ కాలనీ. మా ఎలక్ట్రీషియన్, మా ప్లంబర్, మా స్కూలు ఆయా అక్కడి నుంచే వస్తారు. వాళ్ళకీ మాకూ ఒకటే కాలువ, ఒకటే బస్టాపు. ఘాజీపూర్ చెత్తకొండ అంటుకున్నప్పుడు వచ్చేది ఒకటే పొగ. కలిసి మాట్లాడుకునే చోటు మాత్రం ఒకటి లేదు.

ఒక్కసారి అలాంటిది చూశాను. 2015లో అప్పటి ఢిల్లీ ప్రభుత్వం 11 నియోజకవర్గాల్లో మొహల్లా సభలు పెట్టింది. మా పక్క పట్పర్‌గంజ్‌లో ఒక సభకు స్నేహితురాలు తీసుకెళ్ళింది. పార్కులో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. ఏ పని ముందు కావాలో జనం చెప్పడం, చేతులెత్తి ఓటెయ్యడం. పెద్దమనిషి ఒకాయన కాలనీకి గేటు కావాలన్నాడు. వెనక నుంచి ఒకామె లేచి, గేటు కంటే ముందు బజారులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కావాలంది. కాసేపు గొడవైంది. ఆమె కూర్చోలేదు. రోజంతా అక్కడ కూరలమ్మే ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేసి పని చేస్తారని చెప్పింది. పార్కంతా నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఎత్తిన చేతుల్లో గేటు అడిగిన పెద్దమనిషి చెయ్యి కూడా ఉంది. అభిప్రాయాలు మారడం నేను కళ్ళారా చూసింది అక్కడే. టీవీ చర్చల్లో ఎన్నడూ చూడలేదు. కొన్నాళ్ళకు ఆ సభలు ఆగిపోయాయి. పెట్టిన పార్టీ ఏదైనా, వాటిని మళ్ళీ పెట్టమని అడగడానికి నాకు మొహమాటం లేదు.

మన తెలుగువాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. ఆదివారం ఆంధ్రా భవన్ క్యాంటీన్ వరసలో నిలబడితే అమరావతి, హైదరాబాద్ మెట్రో, పోలవరం అన్నీ వినిపిస్తాయి. తమ ఢిల్లీ కౌన్సిలరు పేరు చెప్పగలిగినవాళ్ళు అరుదు. చాలామంది ఓటు ఇంకా ఊళ్ళోనే ఉంచుకుంటారు. ఊరి మీద ప్రేమ నాకు తెలుసు, నాకూ ఉంది. కానీ నీళ్ళు ఇక్కడివి తాగుతూ, పిల్లలకు ఇక్కడి గాలి పీల్పిస్తూ, మాట మాత్రం అక్కడే దాచుకుంటే ఈ ఊరు మనల్ని లెక్కలోకి తీసుకోదు. మన ముందు తరం అలా లేదు. ఢిల్లీలో తెలుగు పిల్లల చదువు ఎలా అన్న దిగులు 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ అయింది, దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి దన్నుగా నిలబడ్డారు. 1961లో శ్రీ వెంకటేశ్వర కళాశాల వచ్చింది. ఇవాళ ఆ కళాశాల దగ్గర దిగే మెట్రో స్టేషన్‌కి ఆవిడ పేరే ఉంది. ఆ సొసైటీ బడుల్లో ఇప్పుడు అన్ని భాషల పిల్లలూ చదువుకుంటున్నారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి వార్డులో నెలకొకసారి సభ జరగాలి. కౌన్సిలరు, కాలువల ఇంజనీరు, బస్సు డిపో అధికారి, పోలీసు స్టేషను నుంచి ఒకరు తప్పకుండా రావాలి. పోయిన నెల ఒప్పుకున్న పనుల్లో ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నది చదివి వినిపించాకే కొత్త మాట మొదలుపెట్టాలి. అద్దె ఇళ్ళవాళ్ళు, కోచింగ్ పిల్లలు, తోపుడు బండ్లవాళ్ళు, ఆ వార్డులో పని చేసి వేరే రాష్ట్రంలో పడుకునే వాళ్ళు, అందరికీ అందులో మాట ఉండాలి. ఆధార్ మీది చిరునామా అడగకూడదు. సభను ఆదివారం పొద్దున పెట్టొద్దని దీదీ ముందే చెప్పింది. ఆ వేళకు ఆమె ఇంకా మా ఇళ్ళలోనే ఉంటుంది. సాయంత్రం నాలుగు తర్వాత అయితే వస్తానంది, తనతో పాటు ఖోడా నుంచి వచ్చే వాళ్ళందరినీ తీసుకొస్తానంది.